కంబళ్ళ వరుసలో ఎలుగుబంటి

1954 అక్టోబరు నాలుగో తేదీ, సోమవారం. ఆ పొద్దున చిన్న ఈరన్న రెండు జొన్నరొట్టెలు, కాస్త ఊరిబిండి పచ్చడి, ఒక పచ్చి ఉల్లిగడ్డ తిన్నాడు. ఈ సంగతి ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం, తర్వాత జరిగిన విచారణలో మొదటి ప్రశ్న అదే కావడం. ఉల్లిగడ్డ వాసనకు ఎలుగుబంటికి కోపం వచ్చిందేమో తేల్చవలసిన బాధ్యత ప్రభుత్వం మీద ఉంది కదా.

తిన్నాక ఈరన్న తమ ఊరు బండగట్టు వెనకున్న కొండెక్కి సీతాఫలాలు కోస్తున్నాడు. పొదల మలుపులో ఒక తల్లి ఎలుగుబంటి, వీపు మీద రెండు పిల్లలతో, అదే పని మీద ఎదురొచ్చింది. ఇద్దరూ సమానంగానే జడుసుకున్నారు. గోళ్ళూ కోరలూ మాత్రం ఒకరికే ఉన్నాయి. ఈరన్న ఎడమ చెవి, నెత్తి మీద అరచేతి వెడల్పున తోలు కొండమీదే ఉండిపోయాయి. బోర్లా పడి ఊపిరి బిగబట్టిన మనిషిని అది ఒకసారి వాసన చూసి, పిల్లలను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఇంకో రెండు నిమిషాలు ఉంటే పని పూర్తయ్యేది. ఉండలేదు. ఆసుపత్రిలో పడుకున్న పన్నెండు రోజులూ ఈరన్నకు పోయిన చెవి కంటే మిగిలిన ఆ రెండు నిమిషాలే ఎక్కువగా గుర్తొచ్చాయి.

అతను ఇల్లు చేరిన రోజే మునసబు బసవరాజు సభ పెట్టాడు. బసవరాజుకు తుపాకీ ఉంది. చచ్చిన మృగం మీద కాలు పెట్టి ఫోటో దిగే అదృష్టం మాత్రం ఇంకా పట్టలేదు.

"ఈ పొద్దు ఈరన్న చెవి పోయింది. రేపు దేశం చెవి పోతాది! మనం స్వతంత్రం తెచ్చుకున్నది ఎలుగ్గొడ్లకు జడిసేదానికా?" అని ఆయన గర్జించాడు.

చప్పట్లు ఆగకముందే పంపకాలు మొదలయ్యాయి. ఎలుగుబంటి వెంట్రుక తాయెత్తులో పెట్టి కడితే పిల్లలకు జడుపు పోతుందని ఆ వైపు నమ్మకం. కొవ్వు కీళ్ళ నొప్పులకు మంచిది. కనుక ఎలుగుబంటికి జడిసిన ఊరు, ఎలుగుబంటి వెంట్రుకల కోసం ముప్పయ్యారు పేర్లతో జాబితా రాసుకుంది. ఇందులో వింతేమీ లేదు.

చంపరాదనే పక్షం కూడా బలమైనదే. దాని నాయకుడు నరసన్న ప్లీడరు కర్నూలు నుంచి కారులో వచ్చాడు. "ఆ మూగజీవి ఏ మనోవేదనలో గీరిందో మనమెరుగుదుమా? సోదరులారా, దాని స్థానంలో నిలబడి ఆలోచించండి!" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఎలుగుబంటి మీద ప్రేమ కొండకూ ఇంటికీ ఉన్న దూరాన్ని బట్టి పెరుగుతుందని ఆ సభలో శాస్త్రీయంగా రుజువైంది.

ఈరన్న పెండ్లాం హులిగెమ్మ లేచి నిలబడింది. "ఏమప్పా, చంపేదో సాకేదో మీరే తేల్చుకోండి. కొండ కింద మా బుడ్డల చేను ఎండిపోతాండాది. కూలోళ్ళు జడిసి రామంటాండారు. దాన్ని పీకేదెవురు?"

వేరుశెనగ విషయం కార్యక్రమంలో లేదని చెప్పి ఆమెను గౌరవంగా కూర్చోబెట్టారు.

కొండ రిజర్వు అడవి. అక్కడ తుపాకీ పేలాలంటే ఉత్తర్వు కావాలి. కర్నూలు అప్పుడు కొత్త రాజధాని. కచేరీలు గుడారాల్లో ఉండేవి. ఈరన్న పేరున ఊరు పెట్టిన అర్జీ ఒక గుడారం నుంచి ఇంకో గుడారానికి నడిచి నడిచి, నెల తర్వాత విచారణాధికారి రూపంలో బండగట్టుకు తిరిగొచ్చింది.

ఉల్లిగడ్డ ప్రశ్న అయ్యాక అధికారి ఇలా సెలవిచ్చారు: "చట్టం ముందు అందరూ సమానమే. ఒక ఎలుగుబంటి చేసిన నేరానికి మరొక ఎలుగుబంటిని శిక్షించరాదు. బాధితుడు ముద్దాయిని గుర్తుపట్టాలి. గుర్తుపడితే మరణశిక్ష. లేనిచో అర్జీ అబద్ధమని భావించి, రిజర్వు అడవిలో చొరబడి ఫలాలు కోసినందుకు బాధితుని మీదే చర్య."

హాజరు కావలసిందిగా కొండ మొదట్లో బండకు నోటీసు అంటించారు. కొండ మీది ఎలుగుబంట్లు బాధ్యత లేకుండా ప్రవర్తించి, ఒక్కటీ రాలేదు. వెళ్ళి పిలుచుకొచ్చే ధైర్యవంతులూ ఆ రోజు ఊళ్ళో లేరు. అప్పుడు తలారికి ఉపాయం తట్టింది. పత్తికొండ సంతలో ఎలుగుబంటిని ఆడించుకుని బతికే పీరుసాబును, ఆ ఎలుగుబంటి మున్నీతో సహా పట్టుకొచ్చాడు. మున్నీకి ఇరవై ఏళ్ళు. ఒక కన్ను పువ్వేసి కనపడదు. ముక్కుకు తాడు. దొరికినది ఇదే కనుక చేసినదీ ఇదే అయ్యుంటుందని బసవరాజు అభిప్రాయపడ్డాడు.

పీరుసాబు అధికారి కాళ్ళ మీద పడ్డాడు. "సాబ్, దీనికి పండ్లు పోయి ఏడేండ్లాయె. సంగటి గూడా నేనే పిసికి పెడతా. ఇది చెవి యాడ కొరుకుతాది?"

"నేరం చేసిన పిదప పళ్ళు రాలగొట్టుకోలేదనుటకు సాక్ష్యమున్నదా?" అని అధికారి అడిగారు. లేదు.

నిబంధన ప్రకారం ముద్దాయిని అదే పోలిక గలవారి మధ్య నిలపాలి. నలుగురు గ్రామస్థులు గొర్రెల కాపరుల నల్ల కంబళ్ళు కప్పుకుని మోకాళ్ళ మీద వరుసగా వంగారు. దేశభక్తి కొద్దీ బసవరాజు చివరి కంబళిలో తానే దూరాడు. మున్నీని నడుమ నిలబెట్టారు. ఇంతమంది జనాన్ని చూసి, ఆట మొదలైందనుకుని అది వెనక కాళ్ళ మీద లేచి అందరికీ సలాము చేసింది. పోలిక చెడుతుందని నాలుగు కంబళ్ళూ లేచి సలాము చేశాయి.

ఈరన్న వరుస వెంట నడిచాడు. చివరి కంబళి గుసగుసలాడింది. "రేయ్ ఈరా, అదేనను. కేసుండదు. ఊరోళ్ళకు జడుపు పోతాది, కూలోళ్ళొస్తారు, నీ చేను పీకుతారు."

"ఏమయ్యో," అంది హులిగెమ్మ, "ఒక చెవే గదా పోయింది, కండ్లు రెండూ ఉండాయి. సక్కగా చూసి చెప్పు."

ఈరన్న చూశాడు. మున్నీ అలవాటు కొద్దీ ముందుకాలు చాచి అతని మోకాలి మీద పెట్టి అడుక్కుంది. దాని అరికాలు అతని అరచేతిలాగే పగుళ్ళుదేలి ఉంది.

"ఇది గాదు సామీ."

"గుర్తుపట్టలేకపోయావా?"

"పట్టినాను గాబట్టే గాదంటాండా. అది పిల్లల తల్లి. నన్ను చంపే సత్తువ ఉండి గూడా ఇడిసిపెట్టింది. ఏ పాపం తెలీని దీన్ని నేనెట్ల పట్టిచ్చేది?"

"అంతసేపు గొడ్డు మాదిరి వంగింది ఈ మాటకా!" అంటూ చివరి కంబళి రెండు కాళ్ళ మీద లేచింది.

ఉత్తర్వు అక్కడికక్కడే వెలువడింది. బాధితుడు ముద్దాయిని గుర్తించనందున దాడి జరగలేదు. చెవి దానంతటదే పోయినట్టు భావించడమైనది. కొండ మీది ఎలుగుబంట్లన్నీ గౌరవప్రదంగా విడుదల. ఈరన్న వారంలోగా అడవి కచేరీలో హాజరై సంజాయిషీ ఇచ్చుకోవాలి. జీవకారుణ్యం గెలిచిందని నరసన్న ప్లీడరు తర్వాత కర్నూలు నుంచి ఉత్తరం ముక్క రాసి పంపాడు.

అధికారి బండి మలుపు తిరగగానే బసవరాజు మిగతా చట్టం వివరించాడు. ఉత్తర్వు కావలసింది అడవి ఎలుగుబంటికి. ఆడించే ఎలుగుబంటికి అక్కర్లేదు. జాబితాలోని ముప్పయ్యారు మందీ ఈ సూక్ష్మాన్ని వెంటనే గ్రహించి, కత్తెరల కోసం, గొడ్డళ్ళ కోసం ఇళ్ళకు పరుగెత్తారు. అంతవరకూ ఒక్కరైనా కొండ వైపు అడుగేయని ఊళ్ళో ఇంత ధైర్యం ఉందని ఆ సాయంత్రమే తెలిసింది.

పొద్దు గుంకుతోంది. పీరుసాబు దారి తెలియక మున్నీ మెడ పట్టుకుని రచ్చకట్ట పక్కన నిలబడ్డాడు. ఈరన్న తాడందుకుని ఇద్దరినీ తన కొట్టంలోకి తోలుకుపోయాడు. హులిగెమ్మ గోనెపట్ట పరిచి, కుండలో నీళ్ళు పెట్టింది. మున్నీ తాగి, పెద్దగా నిట్టూర్చి, పీరుసాబు కాళ్ళ మీద తల పెట్టుకుంది.

"ఏమయ్యో, ఎలుగ్గొడ్డును లోపల పెట్టుకోని, బయట ఎవురికి జడిసి తలుపు ఏస్తాండావు?" అని హులిగెమ్మ మెల్లగా అడిగింది.

వీధిలో మనుషుల అడుగులు దగ్గరవుతున్నాయి. ముసలి మున్నీకి నిద్ర చెడకుండా ఈరన్న చప్పుడు కానివ్వకుండా తలుపు మూశాడు.