గోడ మీద రెండు తెల్లమచ్చలు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయిన వారానికే స్పెయిన్‌లోని వాల్దెసోలా టౌన్‌హాలు బాల్కనీ మీద నిలబడి, పార్టీ స్థానిక అధ్యక్షులు దొన్ ఎలాదియో గారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఈ ఊరు ఏ పరాయి నాయకుణ్ణీ ఏనాడూ అభిమానించలేదట, పుట్టుకతోనే తటస్థమట. జనం హర్షించి, అలవాటుకొద్దీ కుడిచేతులు చాచి పైకెత్తారు. అధ్యక్షులవారూ ఎత్తారు. సగంలో గుర్తొచ్చి, ఆ చేత్తోనే తల దువ్వుకున్నారు. ఆయనది బట్టతల. అయినా దువ్వుకున్నారు. నాయకత్వమంటే అదే.

హాల్లో దేశాన్నేలే మహానాయకుడి పటానికి చెరోపక్కా పటాల్లో ఉన్న జర్మన్, ఇటాలియన్ పెద్దమనుషులు ఆ పూటే బొగ్గుల కొట్లోకి వెళ్లిపోయారు. గోడ మీద వాళ్ల చోట రెండు తెల్లమచ్చలు మిగిలాయి. ఊడ్చి తుడిచే కాసిల్దాను పిలిచి, ఆ మరకలు పోగొట్టమన్నారు.

"మరకలు కావయ్యా. గోడంతటికీ శుభ్రంగా ఉన్నవి ఆ రెండు చోట్లే," అంది కాసిల్దా.

అయితే మురికి చేయాల్సిందేనని అధ్యక్షులవారు నిర్ణయించి, కౌన్సిలర్లను మచ్చలకు ఎదురుగా కూర్చోబెట్టి చుట్టలు తాగించారు. పొగాకు రేషన్ రోజులు. అరగంటలో నెల కోటా అయిపోయింది గానీ మచ్చలు అలాగే ఉన్నాయి. చివరికి ఒకదాని మీద మరియమాత పటం, రెండోదాని మీద, ఎంతో మొహమాటపడుతూ, తన ఫోటోనే పెద్దది చేయించి పెట్టించారు.

కాసిల్దాకు కావలసింది ఒక్క సంతకం. అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన ఉన్నందుకు భర్త హిలారియో ఆరేళ్లుగా జైల్లో ఉన్నాడు. సత్ప్రవర్తన పత్రం మీద పార్టీ అధ్యక్షుడు సంతకం పెడితే వదిలేస్తారు. నాలుగేళ్ల కిందట ఆయన పెట్టబోతున్న రోజునే, దుమ్ము దులుపుతుండగా ఆమె చేతిలోంచి జర్మన్ పెద్దమనిషి జారిపడి ముక్కలయ్యాడు. అధ్యక్షులవారు ఆ చోట కొత్త పటం పెట్టించి, పత్రం పక్కన పడేసి రాజధానికి ఫిర్యాదు రాశారు: ఆడదానికి ఇంత ఆలోచన ఉండదు, వెనక ఎవడో మగాడున్నాడు, వాణ్ణి కఠినంగా శిక్షించాలి. జవాబు రాలేదు. ఫైలు నడుస్తోందన్నారు.

ఈ బుధవారం సర్క్యులర్ వచ్చింది. జర్మన్లంటే తమకు మొదటినుంచీ గిట్టదని అధ్యక్షులందరూ శుక్రవారంలోగా సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి; లేదంటే పదవి పోతుంది. ఊళ్లో జర్మన్లకు వ్యతిరేకంగా జరిగిన పని, ఎంత వెతికినా, ఒక్కటే. దొన్ ఎలాదియో గారు కాసిల్దాకు కుర్చీ వేయించారు.

"ఆ పటం ఎందుకు పడేశావమ్మా?"

"చెయ్యి జారిందయ్యా."

"జారలేదు. రహస్యంగా నేనే పడెయ్యమన్నాను. గుర్తు తెచ్చుకో."

"మరి ఫిర్యాదో?"

"అది అందరి కళ్లు కప్పడానికి."

కాసిల్దా ఏప్రన్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది.

"దీని మీద సంతకం పడితే గుర్తొచ్చేలా ఉందయ్యా."

పడింది. గుర్తొచ్చింది. పటం పగలగొట్టించిన ధీరుడు తానేనని అధ్యక్షులవారు స్వదస్తూరీతో రాసి, ముద్ర వేసి, ఒక ప్రతి రాజధానికి, ఒకటి ఊళ్లోని పోలీసు సార్జెంటుకు పంపారు. కాసిల్దా తన కాగితాన్ని తనే తీసుకెళ్లి, సిరా ఆరేలోపు పోస్టులో వేసి వచ్చింది.

శుక్రవారం, నాలుగేళ్ల నాటి ఫిర్యాదుకు జవాబుగా సార్జెంటుకు ఉత్తర్వు వచ్చింది. తుడిచే మనిషి నిర్దోషి. వెనకున్న మగాణ్ణి తక్షణం అరెస్టు చేయాలి. సార్జెంటు కర్తవ్యపరుడు. యుద్ధం అయిపోయిందనే సంగతి ఆ ఉత్తర్వులో లేదు గనుక ఆయనా పట్టించుకోలేదు. నేరుగా టౌన్‌హాలుకు వచ్చాడు.

"పటం పగలగొట్టించింది మీరేనా?"

"నేనే," అన్నారు అధ్యక్షులవారు, ఫోటోగ్రాఫర్ కోసం చుట్టూ చూస్తూ.

"ఇందులో ఇంకెవరి చెయ్యైనా ఉందా?"

"లేదు. అంతా నేనొక్కణ్ణే."

మూడు వారాలకు కొత్త అధ్యక్షులు వచ్చారు, చంకలో తన ఫోటోతో. కాసిల్దా నిచ్చెనెక్కి పాత ఫోటో దించింది. కింద నిచ్చెన పట్టుకున్నది హిలారియో. మచ్చ ఎప్పటిలాగే తెల్లగా ఉంది.

"రెండు చేతులతో పట్టుకో. పడేస్తావేమో," అన్నారు కొత్త అధ్యక్షులు, తన ఫోటో పైకి అందిస్తూ.

"ఎవరైనా చెబితే తప్ప పడెయ్యనయ్యా," అంది కాసిల్దా.