దానియేలు మాస్టారి భంగిమ

దానియేలు మాస్టారు పోయినప్పుడు ఆయన శరీరాన్ని సమాధి చేశారు గానీ, ఆయన నిలబడే భంగిమ మాత్రం మున్సిపల్ హైస్కూలు మైదానంలో, గోల్‌పోస్టు పక్కన, ఎప్పటి చోటే ఉండిపోయింది. కుంగ్‌ఫూలో గుర్రపు భంగిమ అంటారు దాన్ని. కాళ్ళు ఎడంగా, లేని గుర్రమెక్కి కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి, నడుం నిటారుగా, పిడికిళ్ళు నడుం దగ్గర. కంటికి కనపడదు, చేతికి తగులుతుంది. ఏళ్ళ తరబడి ఒకే చోట ఒకేలా నిలబడ్డవాళ్ళకి ఇలా జరగడం మామూలేనని శానిటరీ ఇన్‌స్పెక్టరు రాసేసి ఊరుకున్నాడు.

ఊరు కూడా తొందరగానే అలవాటు పడింది. జాంకాయలమ్మే నూకరత్నం దాని మోచేతికి సంచీ తగిలించేది. బడి వదిలాక పిల్లలు దాని తొడమీద కూర్చుని ఐసుఫ్రూట్లు తినేవాళ్ళు. రెవెన్యూ వాళ్ళు దాన్ని ఆక్రమణ కింద జమకట్టి, ఏటా ఓ నోటీసు మోకాలికి అతికించి వెళ్ళేవాళ్ళు. దానికీ ఎవరూ ఏమీ అనుకోలేదు.

మున్సిపాలిటీలో ప్లాన్లు చూసే జోగారావు మాత్రం వాన కోసం ఎదురుచూసేవాడు. వాన పడితే నీళ్ళు మాస్టారి భుజాల మీంచి జారి, మోకాళ్ళ మీద చిట్లి, ఆయన ఆకారమంతా కనిపించేది. జోగారావు గొడుగేసుకుని వెళ్ళి పక్కన నిలబడేవాడు. చిన్నప్పుడు పొద్దున్నే ఈ మట్టిలోనే కుంగ్‌ఫూ నేర్పేవారాయన. తన్నులూ గుద్దులూ ఎప్పుడు నేర్పుతారా అని కుర్రాళ్ళు తహతహలాడుతుంటే, ఆయన నెలలకి నెలలు నిలబడటమే నేర్పారు. తొడలు వణికి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి.

"మోకాళ్ళు వంచరా జోగులూ, నడుం మాత్రం వంచకు. నిలబడ్డం రానోడు చెయ్యెత్తి ఏం లాభం?" అంటూ వేపపుల్లతో వీపుమీద తట్టేవారు.

ఆ పుల్ల ఇంకొక్కసారి తగిలితే బాగుండునని జోగారావుకి వాన పడ్డప్పుడల్లా అనిపించేది. అంతకన్నా మంచి రోజులు అతనికి మళ్ళీ రాలేదు.

అలాంటి మైదానంలో షాపింగ్ కాంప్లెక్సు శాంక్షనైంది. ప్లానులో గేటు సరిగ్గా భంగిమ ఉన్న చోటే పడింది. జేసీబీతో గుద్దిస్తే జేసీబీ పళ్ళే వంగాయి. నిబంధనలు తిరగేయగా ఒక దారి దొరికింది. ఖాళీగా ఉన్న భంగిమలో మనిషెవరైనా సరిగ్గా ఇమిడి, ఆపైన లేచి నిటారుగా నిలబడితే, అది అక్కడితో రద్దవుతుంది. మాస్టారి శిష్యుల్లో ఊళ్ళో మిగిలింది జోగారావు ఒక్కడే.

"రేపు పొద్దున్నే కానిచ్చెయ్యండి. రిటైరయ్యేలోపు ఓ మంచి పని చేసినట్టుంటుంది," అన్నారు కమిషనర్ గారు.

"అలాగేనండి," అన్నాడు జోగారావు, నడుం వంచి.

ఇంటికెళ్తూ దారిపొడవునా అదే ఆలోచించాడు. ఇమిడితే మాస్టారు ఈసారి పూర్తిగా పోతారు. ఇమడకపోతే ఆయన నేర్పిందేదీ తనలో మిగల్లేదని ఊరందరి ముందూ తేలిపోతుంది. ఏది జరగాలని దణ్ణం పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

మర్నాడు చెప్పులు విడిచి, వెనక్కి అడుగేసి భంగిమలోకి దిగాడు. పాదాలు సరిపోయాయి. మోకాళ్ళు మూలిగాయి గానీ వంగాయి. పిడికిళ్ళు మాస్టారి పిడికిళ్ళ చోట కుదురుకున్నాయి. జోగారావు గుండె నిండిపోయింది. ఇక నడుం ఒక్కటీ నిలపాలి. అప్పుడే కమిషనర్ గారి జీపొచ్చి ఆగింది. జోగారావు నడుం దానంతటదే వంగి, తల భంగిమలోంచి బయటికొచ్చేసింది.

"నిటారుగా ఉండాలి కదండీ!"

"ప్రయత్నిస్తున్నానండి," అన్నాడు జోగారావు, ఇంకాస్త వంగి.

"తమరు కాస్త అవతలికెళ్తే నిలబడతాడేమో బాబూ," అంది నూకరత్నం.

కమిషనర్ గారు పెద్దమనసుతో జీపు చాటుకి వెళ్ళారు. అయినా జోగారావు నడుం లేవలేదు. కాసేపు చూసి, గేటు పక్కకి జరపమని చెప్పి వెళ్ళిపోయారు. మాస్టారు దక్కారు. సిగ్గుపడుతూ కూడా సంతోషించవచ్చని జోగారావుకి ఆరోజు తెలిసింది.

ఆ నెలాఖరున అతను రిటైరయ్యాడు. దండేశారు, శాలువా కప్పారు. మర్నాడు కమిషనర్ గారి బల్ల ముందు, జోగారావు ఏళ్ళ తరబడి నిలబడ్డ చోట, అటెండరు దేనికో కొట్టుకుని టీ ఒలకబోశాడు. టీ కారుతున్న చోట వంగిన వీపొకటి కనిపించింది. వెంటనే జోగారావుకి కబురు పంపారు.

అతనొచ్చి అందులో నిలబడ్డాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా ఇమిడాడు. ఇక లేచి నిటారుగా నిలబడటమే మిగిలింది. వేపపుల్ల ఒకసారి తడుతుందేమోనని అతని వీపు చాలాసేపు ఎదురుచూసింది.

"పోనీలెండి, ఉండనివ్వండి. పనికొస్తుంది," అన్నారు కమిషనర్ గారు.

అప్పట్నుంచీ అర్జీలు తెచ్చినవాళ్ళని అందులోనే నిలబెడుతున్నారు. మైదానంలో మాస్టారి భంగిమలో ఇమిడినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఇక్కడ మాత్రం పొట్టివాళ్ళూ పొడుగువాళ్ళూ, చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ, అందరూ మొదటిసారే సరిగ్గా ఇముడుతున్నారు. ఎవరికీ నేర్పాల్సిన అవసరం రాలేదు.