తెల్లజింక దూడకు దిష్టిచుక్క

ఆ శుక్రవారం పొద్దున నర్సింలు పెట్టుకున్న పనులు మూడే. ఆరింటికి కంచె చుట్టూ ఒకసారి తిరిగి రావడం, ఏడింటికి ఉతికి ఆరేసిన యూనిఫాం తొడుక్కోవడం, తొమ్మిదింటికి అతిథులు రాగానే గేటు తీసి, నవ్వి, నోరు మూసుకుని నిలబడడం. ఈ మూడూ సక్రమంగా జరిగితే అతని బతుకు ఒక గాడిన పడుతుంది. మొదటిది జరిగింది. మిగిలినవాటి సంగతే ఈ కథ.

నర్సింలుది జగిత్యాల దగ్గర ఊరు. గొర్లు కాసే ఇంట్లో పుట్టాడు. ఖతర్ వచ్చి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లూ షట్టరింగ్ పని చేశాడు. ఇనుప రాడ్లు, ప్లైవుడ్ చెక్కలు ముట్టుకున్నాడే తప్ప ప్రాణమున్నదేదీ అతని చేతికి తగల్లేదు. మూడు నెలల కిందట మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక ఉన్న ఒక వన్యప్రాణుల తోటకు కంచె వేయడానికి కంపెనీ అతన్ని పంపింది. అక్కడ ఓరిక్సులున్నాయి. పొడుగు కొమ్ముల తెల్లజింకలవి. వాటిని పెంచి, సంఖ్య పెరిగాక ఎడారిలోకి వదిలిపెడతారు. వాటిని చూసిన మొదటిరోజే నర్సింలు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇసుక పడిందని కంపెనీవాళ్లకు చెప్పాడు.

కంచె పని శనివారంతో అయిపోతుంది. ఆదివారం నుంచి మళ్లీ షట్టరింగే. అయితే తోట బాధ్యత చూసే పశువుల డాక్టరు మరియం మేడం అతనికి ఒక మాట ఇచ్చింది. "శుక్రవారం సఫారీ మొదలవుతోంది. అది ఏ గొడవా లేకుండా జరిగితే, నిన్ను జంతువుల దగ్గర డ్యూటీకి తీసుకుంటాను." మేడం మాట్లాడేది ఇంగ్లీషూ అరబ్బీ హిందీ కలిపి కొట్టిన భాష. మన సౌకర్యం కోసం ఇక్కడ తెలుగులోకి దించుకున్నాం.

సఫారీ కూడా చిన్నదేమీ కాదు. అతిథులు ముందు జీపుల్లో తిరిగి జంతువుల్ని చూస్తారు. ఆ తర్వాత గుడారంలో కెన్యా నుంచి వచ్చిన లెమయాన్ అనే మసాయి యువకుడు తమవాళ్ల పాటలు, ఆటలు చూపిస్తాడు, తమవాళ్లు అడవి జంతువుల పక్కన ఎలా బతుకుతారో చెబుతాడు. టికెట్ల డబ్బు తెల్లజింకల మేతకు పోతుంది. అరవైమంది వస్తున్నారు.

ఆ అరవై అనే అంకెతోనే చిక్కంతా వచ్చింది. బుధవారం ఒక తెల్లజింక ఈనింది. దూడ గోధుమ రంగులో, వణికే కాళ్లతో, చెప్పలేనంత ముద్దుగా ఉంది. అరవైమంది అంటే నూటిరవై కళ్లు. అందరూ దాన్నే చూస్తారు, "అబ్బ, ఎంత ముద్దుగుందో" అంటారు. నర్సింలు ఇంట్లో గొర్రెపిల్లనైనా, మనిషిపిల్లనైనా చుక్క పెట్టకుండా పక్కింటివాళ్లకు కూడా చూపించిన పాపాన పోలేదు. ఇక్కడ చూస్తే ఊరూపేరూ తెలియని జనానికి బోసి నుదురుతో చూపించబోతున్నారు. అతని మనసు ఒప్పలేదు.

లెమయాన్ కట్టెలపొయ్యి మీద టీ కాచే గిన్నె అడుగున మసి ఉంది. కంచె చుట్టూ తిరిగి రాగానే నర్సింలు దాన్ని గీకి, తలకు రాసుకునే కొబ్బరినూనెతో కలిపాడు. తల్లిజింక ఉన్న దొడ్లోకి వెళ్లి, దాని మొహం చూడకుండా, వీపు దానివైపు పెట్టి ఇసుకలో కూర్చున్నాడు. నాలుకతో చిన్నగా చప్పుడు చేస్తూ పావుగంట అలాగే ఉన్నాడు. తల్లి వచ్చి అతని భుజం వాసన చూసింది. వెనకే దూడ వచ్చింది. బొటనవేలితో దాని నుదుటి మీద గుండ్రంగా ఒక్క చుక్క పెట్టి బయటికి వచ్చేశాడు. పదకొండేళ్లలో అంత హాయిగా అతనెప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

ఏడున్నరకు మరియం మేడం బైనాక్యులర్స్‌తో దొడ్డివైపు చూసింది. చూసి దించింది. తుడిచి మళ్లీ చూసింది.

"నర్సింలూ, ఆ దూడ నుదుటి మీద నల్లగా ఏమిటది?"

"ఏమో మేడం, పుట్టుమచ్చేమో," అన్నాడు నర్సింలు.

"ఈ జాతికి నలుపు నెలలు గడిస్తే గానీ రాదు. మూడోరోజున వచ్చిందంటే అది రోగమే. నిన్న సాయంత్రం లేదు." ఆమె గొంతు మారింది. "ఎవరైనా దగ్గరికి వెళ్లారా? మనిషి వాసన తగిలితే తల్లి దూడను వదిలేయొచ్చు. అందుకే ముట్టుకోవడం నిషేధం. ముట్టుకున్నవాణ్ని ఆ క్షణమే పంపించేస్తాను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నర్సింలు బొటనవేలు జేబులో దాచుకున్నాడు. "మాఫీ మేడం. ఎవ్వరు పోలే," అన్నాడు. అరబ్బీలో మాఫీ అంటే లేదని.

అబద్ధం ఒంటరిగా ఉండలేదు, తోడు కావాలంటుంది. తోడుగా గయాజ్ దొరికాడు. గయాజ్ కోరుట్ల మనిషి, సఫారీ జీపు డ్రైవరు. సంగతి విని అతను నెత్తి కొట్టుకున్నాడు.

"అరే నర్సింలు భాయ్, గింత దానికి గంత పరేషాన్ ఎందుకు? తుడిస్తే పాయె. నేను తల్లిని పట్టుకుంట, నువ్వు తడిగుడ్డతోని తుడువు."

"అది ఎవ్వల్ని దగ్గరకు రానియ్యదు భాయ్."

"నన్ను రానిస్తది. నేను జీపుల రోజు చూస్తనే ఉంట గద దాన్ని."

అది శుక్రవారం కదా, నమాజుకని గయాజ్ పొద్దున్నే స్నానం చేసి అత్తరు దిట్టంగా పూసుకున్నాడు. ఆ వాసన దొడ్లోకి అతనికన్నా పది అడుగులు ముందే వెళ్లింది. తల్లిజింక తల వంచింది. తల వంచిన ఓరిక్సుకు రెండు కొమ్ములుంటాయని అందరికీ తెలుసు. అవి ఎంత పొడుగో ఆ ఇద్దరికీ ఆరోజే తెలిసింది. గయాజ్ మేత తొట్టి ఎక్కాడు. నర్సింలు కంచె దూకాడు. కంచె బాగా గట్టిది, వేసింది అతనే. ప్యాంటు వెనకభాగం దానికే వదిలేసి వచ్చాడు.

ఉతికిన యూనిఫాం గతి అలా అయ్యాక, తొట్టి దిగివచ్చిన గయాజ్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. తల్లుల్లేక సీసాపాలు తాగే దూడలు ఇంకో రెండు పక్కగదిలో ఉన్నాయి.

"విను. ఒక్కదానికి చుక్క ఉంటే రోగం. మూడింటికుంటే జాతి లక్షణం. గా రెండింటికి గూడ పెట్టు. మేడం చూసి, ఓహో, ఈ ఏడు గిట్లనే పుట్టినయ్ అనుకుంటది."

మామూలు రోజైతే నర్సింలు ఈ మాటకు నవ్వేవాడు. కుడితిలో పడ్డ ఎలుకకు మాత్రం ఏ గడ్డిపోచైనా తాడులాగే కనిపిస్తుంది. వెళ్లి రెండు చుక్కలూ పెట్టాడు.

ఎనిమిదిన్నరకు మేడం సీసాలు పట్టుకుని దూడల గదిలోకి వెళ్లి, సీసాలు అక్కడే పడేసి బయటికి పరిగెత్తుకొచ్చింది.

"పొద్దున ఒకటి, ఇప్పుడు మూడు! ఇది అంటురోగం. అన్ని గేట్లూ మూసేయండి. జీపులు ఒక్కటీ కదలొద్దు. చక్రాలన్నీ మందునీళ్లతో కడగండి!"

కోతిపుండు బ్రహ్మరాక్షసి కావడమంటే ఏమిటో నర్సింలు కళ్లారా చూశాడు. ఎవరికి కావాల్సిన సామాన్లు వాళ్లు పట్టుకుని పరిగెత్తుతున్నారు. బూట్లు మందునీళ్లలో ముంచుతున్నారు. జాతి లక్షణం కనిపెట్టిన గయాజ్ జీపు చక్రాలు కడుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే బస్సు వచ్చి ఆగింది. అరవైమంది దిగారు. నర్సింలు గేటు తీశాడు, నవ్వాడు. ప్యాంటు కథ బయటపడకుండా వీపు గేటు స్తంభానికి ఆనించి, అందరూ వెళ్లేదాకా అలాగే అతుక్కుపోయాడు.

జంతువుల్ని చూపించే వీల్లేదు గనక అతిథుల్ని నేరుగా గుడారంలోకి తీసుకెళ్లారు. ఇరవై నిమిషాలకని సిద్ధమైన లెమయాన్ గంటంబావు లాగాల్సి వచ్చింది. పాపం, నిజంగానే లాగాడు. శూకా అనే ఎర్రటి దుప్పటి కప్పుకుని, తల్లి గుచ్చిన పూసల హారాలు ఒక్కొక్కటీ తీసి ఏ రంగుకు ఏ అర్థమో చెప్పాడు. ఒకప్పుడు పశువుల్ని కాపాడుకోవడానికి సింహాలతో తలపడిన తమ ఊళ్లో, ఇప్పుడు తన తమ్ముడు సింహాలకే కాపలా కాస్తున్నాడని చెప్పాడు. మోకాళ్లు వంచకుండా నిలువునా ఎగిరే వాళ్ల ఆట ఆడాడు. పిల్లలు కూడా ఎగిరారు. పిల్లల్ని ఆపడానికి వెళ్లిన తండ్రులూ ఎగిరారు. జంతువుల మాట ఎవరికీ గుర్తు రాలేదు, మేడంకు తప్ప.

మేడం నిజాయితీగల మనిషి. మైకు తీసుకుని, దూడ ఫొటోను పెద్ద తెర మీద వేయించింది. "క్షమించండి. మా దూడలకు తెలియని చర్మరోగం వచ్చింది. ఈ మచ్చలు చూడండి. అందుకే మిమ్మల్ని లోపలికి తీసుకెళ్లలేకపోతున్నాం," అంది.

ముందువరుసలో రాములవ్వ కూర్చుని ఉంది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉండే కొడుకు రత్నాకర్ దగ్గరికి విజిట్ వీసా మీద కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇరవై రోజులైంది. ఆమె అద్దాలు సరిచేసుకుని తెరను చూసి, గుడారమంతా వినబడేలా నవ్వింది.

"రోగమేందిరా రత్నాకరు, దిష్టిచుక్క గదరా అది! సూడు, ఎంత గుండ్రంగ పెట్టిండో. బొటనేలుతోని పెట్టిండు. మన దిక్కు గొర్లోల్లు గొర్రెపిల్లలకు గిట్లనే పెడ్తరు. ఎవడో మనోడే ఉన్నడు ఈడ. చెప్పు ఆ డాక్టరమ్మకు!"

రత్నాకర్ సిగ్గుపడుతూనే ఇంగ్లీషులో చెప్పాడు. మేడం గుడారం చుట్టూ చూసింది. తోటలో పనిచేసే తెలుగువాళ్లు ఇద్దరే. అందులో ఒకడైన గయాజ్ వెంటనే రెండోవాణ్ని చూపించాడు.

నర్సింలు ముందుకు వచ్చాడు. వెనక కూర్చున్నవాళ్లలో చిన్న నవ్వు పుట్టింది, అది ప్యాంటు గురించి. అతనికి పట్టలేదు. జేబులోంచి నల్లటి బొటనవేలు తీసి చూపించాడు.

"నేనే పెట్టిన మేడం. మూడు నేనే పెట్టిన. ఇంతమంది చూస్తే దానికేమన్న అయితదని భయమైంది. నాకు గా దూడంటే పానం. అబద్ధం చెప్పుడు తప్పే. ఆదివారం కెల్లి షట్టరింగ్‌కే పోత."

ఎగిరి ఎగిరి ఇంకా ఆయాసపడుతున్న లెమయాన్ మైకు అడిగి తీసుకున్నాడు.

"మా ఊళ్లో కొత్తగా పుట్టినదాన్ని ఎవరూ ముద్దుగా ఉందనరు. ఛీ, ఎంత వికారంగా ఉందో అంటారు. పెద్దవాళ్లు తుంపర పడేలా చిన్నగా ఉమ్మి దీవిస్తారు. ఇతను మసి పెట్టాడు. మా అమ్మ ఇక్కడుంటే ఉమ్మి ఉండేది," అన్నాడు.

మేడం చెయ్యి తెలియకుండానే దిష్టి తగలకుండా తన మెడలో వేసుకున్న నీలంపూస మీదికి పోయింది. పోయిన చేతిని మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆమె కోపం మాత్రం తగ్గలేదు.

"బుధవారం నుంచి నేను ఆ తల్లికి యాభై అడుగుల దగ్గరికి వెళ్లలేకపోయాను. దూడను తూకం వేయాలి, చెవికి నంబరు బిళ్ల వేయాలి. మత్తుమందు ఇద్దామా అనుకుంటున్నాను. నువ్వు దాని నుదుటి మధ్యన చుక్క ఎలా పెట్టావు?"

"వీపు పెట్టి కూసున్న మేడం. దాన్ని చూడలే. అదే వచ్చింది."

"తర్వాత తల్లి దూడను వదిలేసిందా?"

"పాలిస్తుంది మేడం. మీరు చూసిన్రు గద పొద్దున."

చూసింది. బైనాక్యులర్స్‌లో చుక్కను చూసిన కంగారులో పాలు తాగడం పట్టించుకోలేదు.

"ఆదివారం నుంచి నువ్వు షట్టరింగ్‌కు వెళ్లొద్దు," అంది.

నర్సింలు మెడలోని ఐడీ కార్డు తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. షట్టరింగ్ కూడా పోయిందంటే ఇక ఊరికి తిరుగుప్రయాణమే అనుకున్నాడు. గయాజ్ వెనకనుంచి అతని భుజం గట్టిగా గిల్లాడు.

"అరే పిచ్చోడా, కార్డు ఎందుకు తీస్తున్నవ్? దూడల కాడ డ్యూటీ నీదే అంటుంది మేడం!"

రాములవ్వ చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి మిగతావాళ్లందరూ కొట్టారు. నర్సింలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి ఇసుక మీద నెట్టలేదు. రాత్రికి ఊళ్లో ఉన్న భార్య ప్రమీలకు ఫోన్ చేసి ఈ మాట ఎలా మొదలుపెట్టాలా అని అప్పుడే వెతుక్కోసాగాడు.

"కొత్త డ్యూటీ ఈ నిమిషం నుంచే," అంది మేడం తడిగుడ్డ అందిస్తూ. "ముందు ఆ మూడు చుక్కలూ తుడిచిరా."

కొబ్బరినూనెలో కలిసిన మసి అంత తొందరగా పోయేది కాదు. పదకొండేళ్లకు మనసుకు నచ్చిన ఉద్యోగం దొరికిన నర్సింలు, దాని మొదటి రోజంతా తన పనిని తానే చెరుపుతూ గడిపాడు.