సొన్నప్ప లారీ, అల్లుడి ఆట

ఆ ఆదివారం పొద్దున మునీంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. ఏడాదిన్నరగా తయారు చేస్తున్న ఆటను టీవీలో మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చూసుకోవాలి. బాగుందనిపిస్తే అలాంటి ఆటలు ఆడేవాళ్ళ సైటుకు పంపేయాలి. బెంగళూరు హూడిలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగికి సెలవు రోజున ఇంతకంటే ఏం కావాలి?

ఆట పాతదే. పైనుంచి రకరకాల ఆకారాల ముక్కలు పడుతుంటాయి. వాటిని తిప్పి సందు లేకుండా పేర్చాలి. అడ్డంగా ఒక వరుస నిండితే అది మాయమవుతుంది. చేత్తో ఆడితే మునీంద్ర మూడో అంచె దాటలేడు, ఆ సంగతి భార్య నేత్రావతికి బాగా తెలుసు. అతను ఆడింది పనిముట్టు సాయంతో. కంప్యూటర్లో ఆటను రెప్పపాటు కూడా కదలనివ్వకుండా ఆపడం, ఒక మీట నొక్కడం, ముక్క ఎక్కడ పడిందో చూడడం, నచ్చకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ నొక్కడం. అలా కూడబెట్టిన నొక్కుళ్ళన్నిటినీ కంప్యూటరే వరసగా నొక్కుకుంటూ పోతే, మనిషి వేళ్ళకు అందని ఆట ఒకటి బయటికొస్తుంది. ఇందులో మోసం లేదు. ఇలా చేశామని చెప్పే పంపుతారు, వీళ్ళ పోటీయే వేరు.

ఆట మొదలైంది. ముక్కలు పడడం కాదు, ఎవరో పిలిచినట్టు వచ్చి వాటి చోట్లలో కూర్చుంటున్నాయి. పొడుగు కడ్డీ అవసరమైన చోట పొడుగు కడ్డీయే వస్తోంది. ఒక ముక్కను పిసరంత ఆలస్యంగా వదిలితే తర్వాత రాబోయే ముక్కే మారిపోతుందని మునీంద్ర నెలల తరబడి తంటాలు పడి కనిపెట్టాడు మరి. తను చేసిందే అయినా ఒళ్ళు జలదరించింది. అలవాటు కొద్దీ చేతిలోకి తీసుకున్న ఆట రిమోట్‌ను పక్కన పెట్టడం కూడా మరిచిపోయాడు.

సరిగ్గా అప్పుడే మామగారు సొన్నప్ప అనప చిక్కుడుకాయల సంచితో గుమ్మంలోకి వచ్చి, అక్కడే ఆగిపోయాడు. బొమ్మసంద్రలో ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు లారీకెత్తించి దించే మనిషి ఆయన. కుర్చీలో కూర్చుని చేసేది పని కాదని ఆయన గట్టి అభిప్రాయం. కూతురి పెళ్ళయి రెండేళ్ళయినా అల్లుడితో "తిన్నావా" కంటే పెద్ద మాట మాట్లాడలేదు. ఆయన నోట ఒక్క మంచి మాట వినాలని మునీంద్రకు ఎంత ఆశో చెప్పుకుంటే సిగ్గుచేటు.

"ఇదంతా నువ్వు పెట్టిందేనా అప్పా?" అన్నాడు సొన్నప్ప, గొంతు తగ్గించి.

"అవును మామా," అన్నాడు మునీంద్ర. అబద్ధం కాదు కదా.

"ఒక్క సందూ ల్యాకుండా?"

"ఒక్క సందూ లేదు."

సొన్నప్ప నేల మీదే చతికిలబడి, నోరు తెరుచుకుని ఆట చివరిదాకా చూశాడు. జీవితమంతా బీరువాలను, మంచాలను లారీలో సర్దిన కళ్ళవి. అంత వేగంగా అంత నిండుగా పేర్చిన చేతులను ఆయన ఏ ఊళ్ళోనూ చూడలేదు. నేత్రావతి వంటింట్లోకి పిలిచి, "ఏమయ్యా, మా నాయన నువ్వు చేత్తో ఆడినావు అనుకుంటాండాడు. చెప్పేయరాదా?" అంది. "చెప్తాలే, కాఫీ తాగనీ," అన్నాడు మునీంద్ర.

కాఫీ అయ్యేసరికి సొన్నప్ప ఫోన్లో ఉన్నాడు. "తిరుపాలూ, కెంపమ్మ సామాన్లకి రెండో లారీ వద్దులే. అంతా ఒక్కదాంట్లో పడతాది. మా అల్లుడు వస్తాండాడు. వాడు ఏం జెప్తే అది చెయ్యండి, నోరెత్తొద్దండి."

మా అల్లుడు అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక నిజం చెప్పేంత గట్టి గుండె మునీంద్రకు దేవుడివ్వలేదు.

కెంపమ్మది ఆనేకల్. ఆ సాయంత్రం గోధూళి ముహూర్తానికి హూడిలో కట్టుకున్న కొత్తింట్లో పాలు పొంగించాలి. వీళ్ళు వెళ్ళేసరికి ఇంటి ముందు సగం వీధి నిలబడి ఉంది. లారీ నింపడానికి పెద్ద ఇంజనీరు వస్తున్నాడని సొన్నప్ప దారిలోనే ఫోన్ చేసి చెప్పేశాడు. ఊడదీసిన మగ్గం, బీరువాలు, ఇనప పెట్టెలు, రుబ్బురోలు, ఫ్రిజ్జు. వాటిలో ఒక్కటీ తెర మీది ముక్కలా తేలిగ్గా తిరిగేది కాదు. అయినా తనకు వచ్చిన పద్ధతి ఒక్కటే కదా. ఒక సామాను పెట్టించడం, ఫోన్లో ఫొటో తీయడం, తర్వాతది కుదరకపోతే, "వెనక్కి" అనడం.

"వెనక్కి అంటే?" అన్నాడు కూలీల పెద్ద తిరుపాలు.

"దించేయండి. ముందు ఫొటోలో ఎట్లుండిందో అట్ల చేసి, మళ్ళీ పెడదాం."

బీరువా ఎక్కింది, దిగింది, తల్లకిందులై మళ్ళీ ఎక్కింది. మగ్గం కొయ్యలయితే లారీలో ఉన్నంతసేపు రోడ్డు మీదా ఉన్నాయి. కూలీలు చెమటలు కక్కుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు కానీ, నోరెత్తొద్దన్న మాటకు కట్టుబడ్డారు. పూలకూ పాలకూ తిరుగుతున్న సొన్నప్పకు ఇదంతా తెలియదు. మధ్యాహ్నం మూడు దాటేసరికి ఆఖరి పెట్టె ఆఖరి సందులో దూరింది. లోపల వేలు పట్టే చోటు లేదు. వీధి వీధంతా గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయింది. తిరుపాలు ఆ సామాన్ల గోడను మెల్లగా చేత్తో తడిమి చూశాడు. సొన్నప్ప అల్లుడి భుజం మీద చెయ్యేశాడు. రెండేళ్ళుగా మునీంద్ర ఎదురుచూసిన చెయ్యి అది.

హూడిలో కొత్తింటి ముందు దిగీ దిగగానే కెంపమ్మ పాలగిన్నె పట్టుకుని, "స్టవ్వు ఇయ్యి సొన్నప్పా. సామి పటము నా సంచిలో ఉండాది. దాంతోపాటు మా పొయ్యే ముందు పోవల్ల లోపలికి," అంది.

"తలుపు పక్కనే ఉంటాదమ్మా. దాన్ని ఆఖర్న కదా ఎక్కించేది," అంటూ సొన్నప్ప లారీ తలుపు తీశాడు. అక్కడ లేదు. "ఆ ఇంటి అరుగు మీద వేరేగా పెట్టింటి కదా, యాడ పెట్టినావప్పా?"

అరుగు మీది స్టవ్వు మునీంద్రకు స్టవ్వులా కనిపించలేదు. బీరువాకూ ఫ్రిజ్జుకూ మధ్య మిగిలిన సందులా కనిపించింది. "మొదటి వరసలో మామా. డ్రైవరు వెనకాల. అక్కడ సరిగ్గా సరిపోయింది," అన్నాడు.

ఆటలో నిండిన వరుస మాయమవుతుంది. లారీలో నిండినది నిండినట్టే ఉంది. సొన్నప్ప తిరుపాలు వైపు తిరిగాడు. "నోరెత్తొద్దని నువ్వే చెప్తివి కదన్నా," అన్నాడు తిరుపాలు. కెంపమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముహూర్తం తప్పితే ఆ ఇంట్లో అడుగుపెట్టనంది.

"పొద్దున బిరబిరా పెడితివే, అట్లే బిరబిరా తియ్యప్పా," అన్నాడు సొన్నప్ప, మళ్ళీ అల్లుడి భుజం మీద చెయ్యేసి. ఆ గొంతులో ఇంకా నమ్మకమే ఉంది. మునీంద్రకు అదే తట్టుకోలేనిదైంది.

"నాకు బిరబిరా రాదు మామా. పొద్దున ఆడింది నా చేతులు కాదు, కంప్యూటరు. నేను ఒక్కో ముక్కా పెట్టి, తప్పయితే వెనక్కిపోయి, మళ్ళీ పెట్టినా. ఏడాదిన్నర పట్టింది."

సొన్నప్ప చెయ్యి అల్లుడి భుజం మీంచి దిగిపోయింది. నిండిన లారీని ఒకసారి కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత, "వెనక్కి పోవడమైనా వస్తాదా?" అన్నాడు.

"అది ఒక్కటే వస్తాది," అని మునీంద్ర ఫోన్ తీసి ఆఖరి ఫొటో చూపించాడు.

ఆఖరి ఫొటో నుంచి మొదటి ఫొటో దాకా ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. ఇది ఎడమకు తిప్పి లాగండి, అది ఎత్తి వంచండి. పొద్దుట్నుంచి ఎక్కించీ దించీ కూలీల చేతులకు ప్రతి సామాను దారీ కంఠతా వచ్చేసింది. ఒక్కటీ ఇరుక్కోలేదు, ఒక్కటీ గీసుకోలేదు. మగ్గం, పెట్టెలు, ఫ్రిజ్జు నీళ్ళలోంచి చేపల్లా జారి వస్తుంటే కొత్తవీధి జనం కూడా వచ్చి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఎర్ర వెలుగు ఇంకా గోడల మీద ఉండగానే స్టవ్వు బయటపడింది. పాలు పొంగాయి. కెంపమ్మ అందరికంటే ముందు మునీంద్రకే చిన్న గ్లాసు ఇచ్చింది.

సొన్నప్ప వచ్చి అల్లుడి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "నా లారీల్లో తప్పు పడితే దాని మీద దుప్పటి కప్పేస్తారప్పా. నేనూ కప్పినాను. తప్పయిందని తెలిసి వెనక్కిపొయ్యి, మళ్ళీ మళ్ళీ పెట్టినోణ్ణి ఇంతవరకూ చూసింది ల్యా." లేచి నిలబడి, "ఇంటికి పోదాం పా. ఆ తప్పులు నాకు చూపీ," అన్నాడు.

"అవి పొద్దున చూసిన ఆటలో ఉండవు మామా. తీసేస్తాం."

"నీ దగ్గర దాచుకోకుండా ఉంటావా."

దాచుకున్నాడు, అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. రాత్రి ఇంట్లో నేత్రావతి అనపకాయలు వలుస్తూ కూర్చుంది, సొన్నప్ప టీవీ ముందుకు కుర్చీ లాక్కున్నాడు. అల్లుడి తప్పులను అంత గౌరవంగా, ఒక్కటీ వదలకుండా చూసిన మామ బహుశా బెంగళూరులో ఇంకొకడు ఉండడు.