ఏడు కిలోమీటర్లు, ఇరవై మూడు కుర్చీలు

నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల విభాగం సూపరింటెండెంటు ఆ సోమవారం ఉదయం చాలా చిన్న కార్యక్రమం పెట్టుకున్నాడు. పదకొండు లోపల ఒక సర్క్యులర్ రాయాలి, టీ తాగాలి, ఆ తర్వాత భోజనాల వేళ దాకా ఫైళ్ళ చాటున ప్రశాంతంగా ఉండాలి. సర్క్యులర్ కూడా పెద్ద కష్టమైనదేం కాదు. సిబ్బంది ఆరోగ్యం కోసం ఏదైనా చెయ్యమని పైనుంచి డైరెక్టరుగారికి ఉత్తరం వచ్చింది. ఏదైనా చెయ్యమంటే ఆఫీసులో మొదట చేసేది సర్క్యులరే కనుక ఆ పని ఈయన మీద పడింది.

"మూడు వారాల తర్వాత వచ్చే శనివారం సిబ్బంది యావన్మందీ కార్యాలయం నుంచి పంపింగ్ స్టేషన్ వరకు ఏడు కిలోమీటర్లు సైకిళ్ళపై వెళ్ళవలెను. వరుస తప్పరాదు. దీనివల్ల గుండె, ఊపిరితిత్తులు, క్రమశిక్షణ మెరుగుపడును" అని రాశాడు. క్రమశిక్షణ ఆయన సొంత చేర్పు. దాన్ని ఆయన దేనికైనా చేర్చగలడు.

డైరెక్టరుగారు చదివి మురిసిపోయి, అడుగున ఆకుపచ్చ సిరాతో ఒక వాక్యం కలిపారు: "సూపరింటెండెంటుగారు ముందు నడుస్తారు."

"నేనా సార్?"

"మీరు కాకపోతే ఇంకెవరండీ? కాలేజీ రోజుల్లో రోజూ నలభై కిలోమీటర్లు తొక్కేవాణ్ణని టీ తాగినప్పుడల్లా మీరే చెబుతారు కదా!"

చెబుతాడన్నది నిజమే. ఆరేళ్ళ కిందట ఆఫీసులో మొదటిసారి చెప్పినప్పుడు అవి పన్నెండు కిలోమీటర్లు. ఎవరూ అడ్డు చెప్పకపోవడంతో ఏటేటా పెరుగుతూ వచ్చాయి. అసలు సంగతేమిటంటే ఆ పెద్దమనిషి పుట్టి నలభై ఏడేళ్ళయినా సైకిల్ తొక్కిన పాపాన పోలేదు. తొమ్మిదో ఏట ఒకసారి ఎక్కబోయి, సైకిల్ కంటే ముందు తానే కింద పడ్డాడు. ఆ తర్వాత ఒకరి జోలికి ఒకరు పోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి నెమ్మదిగా విషయం బయటపెట్టాడు.

"అదేమిటండీ, ఆ నలభై కిలోమీటర్లు పెళ్ళికి ముందు నాక్కూడా చెప్పారుగా!" అంది భార్య.

"అప్పుడు ఇరవై అని చెప్పాను" అన్నాడు ఆయన, నిజాయితీగా.

పక్క గదిలోంచి అత్తగారు వచ్చింది. ఆవిడ ముప్పై ఒక్కేళ్ళు సైకిల్ మీద ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరయింది. ఆ సైకిల్ ఇప్పటికీ స్టోర్ గదిలో, నూనె పెట్టించుకుని, ఇంట్లో అందరికంటే మంచి ఆరోగ్యంతో ఉంది.

"రేపు ఐదున్నరకి లేవండి అల్లుడుగారూ" అంది.

"ఈ వయసులో వస్తుందంటారా అత్తయ్యా?"

"నేను నేర్చుకునేటప్పుడు మీ ఆవిడ నా కడుపులో ఉంది. మీకు ఆ ఇబ్బంది కూడా లేదుగా."

ఇంటి వెనక మూతపడ్డ గోడౌను ఒకటుంది. దాని ముందున్న సిమెంటు ఆవరణలో పాఠాలు మొదలయ్యాయి. కుడి పక్కంతా తుప్పు పట్టిన పీపాల గుట్ట ఉండటం వల్ల తిరిగితే ఎడమకే తిరగాలి. అత్తగారు క్యారియర్ పట్టుకుంది.

"చక్రం వైపు చూడకండి. ఎటు వెళ్ళాలో అటు చూడండి."

ఆయన ఎదురుగా చూశాడు. ఎదురుగా దీపస్తంభం ఉంది. కావలసినంత చోటుంది, అయినా సైకిల్ నేరుగా వెళ్ళి దాన్నే గుద్దింది.

"స్తంభానికి వెళ్ళాలని ఎవరు చెప్పారు మీకు?" అంది ఆవిడ, సైకిల్‌ని లేవదీస్తూ. ముందు హ్యాండిల్‌కి దెబ్బ తగిలిందేమోనని చూసింది, తర్వాత అల్లుడికి.

రెండో రోజు ఆరుసార్లు పడ్డాడు. మూడో రోజు మూడుసార్లే పడ్డాడు గానీ, అంతకంటే పెద్ద ఆపద వచ్చిపడింది. తొడలు రాళ్ళయ్యాయి. అరచేతులు మండిపోతున్నాయి. మెడ ఎటు తిప్పినా ఏదో ఒకటి కలుక్కుమంటోంది. ఇవన్నీ పదిమందిలో చెప్పుకోదగ్గ నొప్పులు. చెప్పుకోలేనిది ఒకటుంది. సీటుకూ ఆయనకూ మధ్య మూడు రోజులుగా జరిగిన సంఘర్షణలో సీటే గెలిచింది. ఆయన రహస్యంగా సీటు మీద దిండు కట్టుకున్నాడు. అత్తగారు అది చూసి ఊడదీసి లోపల పడేసింది.

"మెత్తగా ఉంటే ఇంకా ఒరుసుకుంటుంది. సీటు కాస్త పైకి లేపాను, రోజూ తొక్కండి. మానేశారో, మళ్ళీ మొదటికొస్తుంది. మూడో వారానికి అదే రాటుదేలుతుంది."

మూడో వారం చాలా దూరంలో ఉంది. నెలవారీ సమావేశం మాత్రం ఆ రోజే ఉంది. ఇరవై ముగ్గురు సిబ్బందిలో అందరూ కుర్చీల్లో కూర్చున్నారు, ఒక్క సూపరింటెండెంటు తప్ప. ఆయన కూర్చోబోయాడు, కళ్ళముందు చుక్కలు కనిపించాయి, మళ్ళీ లేచాడు.

"ఏమిటండీ, అలా నిలబడిపోయారు?" అన్నారు డైరెక్టరుగారు.

ఉన్నది ఉన్నట్టు చెబితే సరిపోయేది. కానీ రోజుకు నలభై కిలోమీటర్లు తొక్కినవాడికి మూడు రోజులకే అక్కడ ఒరుసుకుపోయిందని ఏ ముఖంతో చెబుతాడు?

"నిలబడితే బుర్ర చురుగ్గా పనిచేస్తుంది సార్. కూర్చుంటే మందగిస్తుంది."

డైరెక్టరుగారు పెన్ను దించి, ఆయన్ని కొత్తగా చూశారు. మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చింది. సిబ్బంది ఇరవై మూడు కుర్చీలూ ఆఫీసు గోడౌనుకు చేరాయి. బల్లల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. డైరెక్టరుగారి కుర్చీ మాత్రం ఆయన గదిలోనే ఉండిపోయింది. అది హోదాకు సంబంధించింది కనుక ఆరోగ్యం కిందికి రాదట.

ఆ వారం ఆఫీసు మొత్తంలో హాయిగా ఉన్నది సూపరింటెండెంటు ఒక్కడే. మిగతా వాళ్ళు ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతూ, ఆయన కనబడగానే మాటలు ఆపేస్తున్నారు.

"సైకిల్ సరిపోలేదని కుర్చీ కూడా లాగేశాడు. రేపు గాలి కూడా ఆపేస్తాడు చూడండి" అంది టైపిస్టు, ఆయనకు వినబడేలా.

అక్కడితో ఆగితే బాగుండేది. కుళాయి రావడం లేదని ఫిర్యాదు చెయ్యడానికి వచ్చినవాళ్ళకు ఆఫీసంతా నిలబడి కనిపించింది. తమను చూసి గౌరవంగా లేచారనుకున్నారు పాపం. ఇన్నేళ్ళలో జరగని మర్యాద. నీళ్ళు రాకపోయినా సంతోషంగా వెళ్ళిపోయి, మెచ్చుకుంటూ పై అధికారులకు ఉత్తరాలు రాశారు. తొమ్మిది ఉత్తరాలు. వాటిని చూసి పై అధికారులు ఇంకో నాలుగు శాఖల్లో కుర్చీలు తీయించారు. ఇప్పుడు సూపరింటెండెంటును తిట్టుకునేవాళ్ళు ఇరవై ఇద్దరు కాదు, దాదాపు రెండొందల మంది.

రెండో వారం చివర ఆయన పాత ఫైలు కోసం రికార్డు గదికి వెళ్ళాడు. అక్కడి గుమాస్తాను అందరూ రికార్డమ్మ అంటారు. ఏడాదిలో రిటైరవుతుంది. ఆవిడ పాత బిల్లుల మూట మీద కూర్చుని, చెప్పులు విప్పి, వాచిన పాదాలు నొక్కుకుంటోంది. ఈయన్ని చూడగానే గాభరాగా లేవబోయింది.

"ఒక్క నిమిషమే కూర్చున్నానండీ. నా పేరు రాసుకోకండి, మీకు పుణ్యముంటుంది."

"కూర్చోండమ్మా, కూర్చోండి" అన్నాడాయన. ఫైలు సంగతి మర్చిపోయి నేరుగా డైరెక్టరుగారి గదికి నడిచాడు.

"సార్, ఒక నిజం చెప్పాలి. ఆ రోజు నేను నిలబడింది బుర్ర కోసం కాదు. సైకిల్ తొక్కి కూర్చోలేకపోయాను. భరించలేని నొప్పి."

డైరెక్టరుగారి కళ్ళు చెమర్చాయి.

"అంత నొప్పిలో కూడా పనికి వచ్చి నిలబడ్డారన్నమాట! ఈ మాట పైకి రాయాలండీ."

"వద్దు సార్! కుర్చీలు వెనక్కి ఇప్పించండి చాలు. అందరికీ కాళ్ళు వాస్తున్నాయి."

సరిగ్గా అప్పుడే ఉద్యోగుల సంఘం కార్యదర్శి లోపలికి వచ్చాడు. కుర్చీలు ఇవ్వకపోతే సైకిల్ యాత్రకు ఒక్కరూ రారని చెప్పేశాడు. యాత్ర ఫొటోలు అప్పటికే పైవాళ్ళకు వాగ్దానం చేసి ఉన్నారు కాబట్టి డైరెక్టరుగారు చాలాసేపు ఆలోచించి రాజీకి వచ్చారు. సిబ్బంది అంతా పంపింగ్ స్టేషన్‌కి వెళ్ళి తిరిగొస్తే సోమవారం కుర్చీలు వస్తాయి. ఒక్కరు మధ్యలో దిగిపోయినా రావు. రికార్డమ్మకు మాత్రం మంచినీళ్ళ వ్యానులో సీటిచ్చారు.

"ముందుండేది మీరు" అన్నాడు కార్యదర్శి బయటికొచ్చాక, సూపరింటెండెంటు భుజం మీద చెయ్యేసి. "మీరు పడ్డారో, ఇక మేం మిమ్మల్ని లేపం."

చివరి వారం ఆయన ఒక్క పూట కూడా మానలేదు. గురువారం ఉదయం నాలుగు చుట్లు తిరిగాక "వదలకండి అత్తయ్యా!" అని అరిచాడు. ఓరగా చూస్తే ఆవిడ గోడౌను మెట్టు మీద కూర్చుని పేపర్లో గళ్ళనుడికట్టు నింపుకుంటోంది.

"మొన్నే వదిలేశాను. ఇవాళ చెబితే పడతారేమోనని చెప్పలేదు" అంది తల ఎత్తకుండా. ఆయన పడలేదు. ఇంకో రెండు చుట్లు ఎక్కువే తిరిగాడు. అదేం విచిత్రమో, అప్పటికి నొప్పి ఎక్కడికి పోయిందో కూడా ఆయన గమనించలేదు.

శనివారం రానే వచ్చింది. డైరెక్టరుగారు జెండా ఊపి, ఫొటో దిగి, కారెక్కి ఇంటికి వెళ్ళిపోయారు. ఇరవై రెండు సైకిళ్ళు కదిలాయి. సూపరింటెండెంటు ముందు, ఆయన వెనక ఇరవై ఒక్క జతల అనుమానపు కళ్ళు. మొదటి రెండు కిలోమీటర్లు దర్జాగా సాగాయి. పాలవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఆయన ఒకసారి గంట కూడా కొట్టాడు, ఎవరూ అడ్డం లేకపోయినా.

అప్పుడొచ్చింది కూడలి. అక్కడ కుడికి తిరగాలి. ఆయనకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది, తనకు కుడికి తిరగడం రాదని. మూడు వారాలూ తిరిగింది ఎడమకే. చేతులు వాటంతటవే అలవాటైన వైపుకు వంగాయి. సైకిల్ ఎడమకు తిరిగింది. వరుస తప్పరాదని సర్క్యులర్లో ఉంది కనుక ఇరవై ఒక్క సైకిళ్ళూ ఎడమకు తిరిగాయి.

"సార్, పంపింగ్ స్టేషన్ అటు!" అరిచింది టైపిస్టు.

"చుట్టు దారి! గాలి బాగుంటుంది!" అన్నాడాయన.

మళ్ళీ ఎడమకు తిరిగాడు, మళ్ళీ ఎడమకు. మూడు ఎడమలు కలిస్తే ఒక కుడి అవుతుందని ఆయన అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు. అయింది. వెనక నుంచి వినబడుతున్న విశేషణాలను పట్టించుకోకుండా, దారిలో ఎక్కడ కుడి వచ్చినా అదే పద్ధతిలో దాటాడు. పోనూ రానూ పద్నాలుగు కావలసిన కిలోమీటర్లు ఇరవై ఆరు అయ్యాయి. పంపింగ్ స్టేషన్ ముందున్న ఎత్తు మీద కార్యదర్శి ఆయాసపడుతూ దిగబోయాడు.

"దిగకండి! కుర్చీలు పోతాయి!" అని వెనక్కి అరిచాడు సూపరింటెండెంటు. "చక్రం వైపు చూడకండి, పైకి చూడండి! ఇంకో ఇరవై గజాలు!"

కార్యదర్శి పళ్ళు బిగించి పైకి చూశాడు. ఎక్కేశాడు. ఆ వెనక ఒక్కొక్కరే ఎక్కారు. మధ్యాహ్నానికి ఇరవై ఇద్దరూ తిరిగొచ్చారు, ఒక్కరూ దిగకుండా, ఒక్కరూ నవ్వకుండా. వ్యానులోంచి దిగిన రికార్డమ్మ మాత్రం గాలి నిజంగానే బాగుందని చెప్పింది.

సోమవారం పొద్దున్నే ఇరవై మూడు కుర్చీలూ దుమ్ము దులుపుకుని వాటి వాటి బల్లల దగ్గరికి వచ్చేశాయి. బల్లల కింది ఇటుకలు తీసేశారు. పోరాడి సాధించుకున్న కుర్చీలు. రికార్డమ్మ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. హాల్లో కార్యదర్శి అందరి తరఫునా మొదట కూర్చోవడానికి ముందుకొచ్చి, సగం దూరం వంగి, "అమ్మా!" అని లేచి నిలబడ్డాడు. టైపిస్టు ప్రయత్నించి పెదవి కొరుక్కుంది. లెక్కల గుమాస్తా అసలు ప్రయత్నించనే లేదు, బల్ల పట్టుకుని నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

డైరెక్టరుగారు పదిన్నరకు వచ్చారు. ప్రతి బల్ల దగ్గరా ఖాళీ కుర్చీ, దాని పక్కన నిటారుగా నిలబడ్డ ఉద్యోగి. కుర్చీలిచ్చినా కూర్చోని సిబ్బంది ఏ శాఖలో ఉంటారు? చూపు అలా మురిపెంగా హాలంతా తిరిగి, కిటికీ పక్క బల్ల దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒకడు వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, టీ తాగుతూ ఫైలు చూస్తున్నాడు. సూపరింటెండెంటు.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. సహోద్యోగులందరూ స్వచ్ఛందంగా నిలబడి పనిచేస్తుండగా, ఈ పద్ధతికి ఆద్యులైన తామే కూర్చుని కనిపించడం క్రమశిక్షణకు విరుద్ధమనీ, ఏ కారణం చేత కూర్చున్నారో మూడు రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలనీ దాని సారాంశం.

సూపరింటెండెంటు మూడు రోజులు తీసుకోలేదు. పెన్ను తీసి, తన సర్వీసు మొత్తంలోకీ అతి చిన్న సంజాయిషీ రాసి పంపాడు: "కుర్చీ ఉన్నందువల్ల."