పొట్టి బల్లకి మంత్రిగారి మద్దతు

వంద రోజుల్లో పట్టణంలో తగవన్నదే లేకుండా చేస్తానని మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు ఆగకముందే, వీధుల్లో సయోధ్య కుదిర్చే స్వచ్ఛంద సంస్థలకు తమ సంపూర్ణ మద్దతు కూడా ప్రకటించేశారు. ఆయన మాటంటే మాటే. మద్దతు మంగళవారం పొద్దున్నే లారీలో దిగింది.

దిగింది టీచరమ్మ గుమ్మంలో. రిటైరయ్యాక ఆవిడ ఒక్క గదిలో నడుపుతున్న సఖ్యతా కేంద్రానికి ఉన్నదల్లా ఒక పొట్టి బల్ల. రెండు కాళ్లూ బాగా మధ్యకి బిగించిన బల్ల. ఇద్దరు కూర్చుంటే నిలుస్తుంది. ఒకరు విసురుగా లేచారో, రెండోవారు నేలమీదే. అందుకని ఎంత పగవాళ్లయినా లేచేముందు "లేద్దామా?" అని అడిగి తీరాలి. పదేళ్లుగా వీధి తగవులన్నీ ఆ ఒక్క మాట దగ్గరే మెత్తబడుతున్నాయి.

ఆ రోజు పదకొండింటికి టైలరూ, అతని తమ్ముడూ వస్తామన్నారు. మంచం పట్టిన తల్లిని రోజూ చెరో రెక్కా పట్టి లేపుతారు గానీ, మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. రాజీ కుదరకపోతే మర్నాడు తాపీమేస్త్రీ వచ్చి ఇంటి మధ్యన గోడ లేపుతాడు. తల్లి గోడకి ఎటువైపు ఉంటుందో ఇద్దరూ చెప్పడం లేదు.

లారీలోంచి రెండు సింహాసనాలు దిగాయి. వెనకే ఆఫీసరు దిగాడు.

"తగవుకి రెండు పక్షాలు కదమ్మా. అందుకే రెండు కుర్చీలు. పైనుంచి వచ్చిన డిజైను."

"కలవాల్సినవాళ్లకి రెండు కుర్చీలెందుకు బాబూ? నా బల్లేదీ?"

"అప్‌గ్రేడ్ అవుతోందమ్మా."

పెరట్లో రంపం చప్పుడు. టీచరమ్మ పరుగెత్తేసరికి వడ్రంగి చెమట తుడుచుకుంటున్నాడు. సింహాసనాలు మరీ ఎత్తయిపోయాయట, పెద్దల కాళ్లు నేలకి అందవట. కాళ్లపీటల కోసం బల్లని చెరి సగం కోయించారు. పక్షపాతమన్న మాట రాకూడదని ఆఫీసరు స్వయంగా టేపు పట్టాడు. ఇంతటి అంకితభావం ఈ రోజుల్లో ఎక్కడుంది?

సగానికి ఒక్క కాలే గనక ఏదీ నిలబడలేదు. ఇద్దరు పార్టీ కార్యకర్తలు గొంతుక్కూర్చుని చెరోటీ పట్టుకున్నారు.

పదిన్నరకి మంత్రిగారూ, మున్సిపల్ ఛైర్మన్‌గారూ ప్రారంభోత్సవానికి వచ్చారు. ఒకే పార్టీ. ఇద్దరూ కుడి కుర్చీ వైపే నడిచారు.

"ప్రోటోకాల్ ప్రకారం కుడివైపు నాది," అన్నారు మంత్రిగారు.

"ఊరు నాదండీ," అన్నారు ఛైర్మన్‌గారు.

"శాంతి గురించి మాట్లాడాల్సింది నేను."

"నేను మాట్లాడనిస్తే కదా."

ఆఫీసరు సమయస్ఫూర్తితో కుర్చీలు రెండింటినీ వెనక్కి తిప్పించాడు. ఎడమది కుడిదైంది. ఇద్దరూ అటు నడిచారు.

"నా బల్లే ఉంటే ఇద్దర్నీ కూర్చోబెట్టేదాన్ని నాయనా," అంది టీచరమ్మ. ఎవరూ వినలేదు.

పదకొండింటికి అన్నదమ్ములు గుమ్మంలోకి వచ్చి ఆగిపోయారు. టైలరు చూపు బల్ల సగాలు పట్టుకున్న కార్యకర్తల మీద పడింది.

"సగం చేస్తే నిలబడదా టీచరమ్మా?"

"ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి నాయనా."

టైలరు తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరే, గోడ కట్టాక అమ్మని ఎవడు లేపుతాడ్రా?"

తమ్ముడు తల వంచుకున్నాడు. "ఒక్కడి వల్ల కాదన్నా."

"పోదామా?"

"పద."

టీచరమ్మ పమిట చెంగుతో కళ్లొత్తుకుంది. మంత్రిగారి కుర్చీల వల్ల అరగంటలో తొలి తగవు పరిష్కారమైందని ఆఫీసరు రిపోర్టు రాసుకున్నాడు. మంత్రిగారూ ఛైర్మన్‌గారూ రెండు కార్లలో రెండు దారుల్లో వెళ్లిపోయారు.

మర్నాడు టీచరమ్మ గది మధ్యన, రెండు కుర్చీల నడుమ నేలమీద కూర్చుని బల్ల సగాలకి మేకులు కొడుతుంటే, తాపీమేస్త్రీ ఇటుకలబండితో వచ్చాడు.

"టైలరు వాళ్లు గోడ వద్దన్నారు కదయ్యా?"

"వాళ్లు వద్దన్నారమ్మా. ఇది ఆఫీసరుగారు చెప్పిన పని. రెండు కుర్చీల మధ్యన కట్టమన్నారు." దారం ఉండ విప్పుతూ ఆవిడ దగ్గర ఆగాడు. "మీరు ఎటువైపు ఉంటారో చెబితే మొదలుపెడతాను."