నూటికి నూరు నవ్వుమొహాలు

ఇకమీదట పార్టీలో ఎవరూ 'ఓటరు' అనే పాతకాలపు మాట వాడకూడదని, 'కస్టమరు' అనాలని మాజీ మంత్రివర్యులు వెంకటప్పయ్య గారు తెనాలి పార్టీ ఆఫీసులో ప్రకటించారు. ప్రకటించి, ఆ మాటలోని లోతు అందరికీ అందేదాకా ఆగి మంచినీళ్లు తాగారు. సబ్బులమ్మే కంపెనీకి ఎవరింట్లో సబ్బు అరిగిపోయిందో తెలుసునట. తనకేమో ముప్పయ్యేళ్లుగా జనంలో తిరుగుతున్నా జనానికి ఏం కావాలో ఇప్పటికీ తెలియదట. ఈ చివరి ముక్క ఆయన గుండెమీద చెయ్యేసుకుని మరీ చెప్పారు. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆ తెలియనితనాన్ని పోగొట్టడానికి హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ దిగింది. పేరు 'గుండెచప్పుడు'. పార్టీ డిజిటల్ కన్వీనరు కిరణ్ కుమార్ లేచి దాని మహిమ వివరించాడు. ప్రతి కస్టమరుకూ ఒక ప్రొఫైల్ ఉంటుంది. వయసు, చదువు, ఇష్టాలు, నొప్పులు అన్నీ అందులో ఉంటాయి. వాటిని బట్టి ఎవరికి తగ్గ మెసేజి వాళ్లకు తయారవుతుంది. అది మొదట ఎస్సెమ్మెస్‌గా వస్తుంది, తర్వాత వాట్సాప్‌లో వస్తుంది, యూట్యూబ్ తెరిస్తే ప్రకటనగా వస్తుంది, అన్నీ మూసేసి కూర్చుంటే ఫోన్ కాల్‌గా వస్తుంది. కస్టమరు ఎటు తిరిగినా వెంకటప్పయ్య గారే ఎదురవుతారు. అవునని ఒకటి నొక్కినవాళ్ల పేరు పక్కన నవ్వుమొహం పడుతుంది, నొక్కనివాళ్లకు ఏడుపుమొహం. రాబోయే మునిసిపల్ ఎన్నికల్లో ఏ వార్డు నిండా నవ్వుమొహాలుంటే ఆ వార్డులో కష్టపడ్డవాళ్లకే కౌన్సిలర్ టికెట్టని సార్ సభాముఖంగా మాటిచ్చారు.

చివరి వరసలో కూర్చున్న దేవకుమారికి మిగతాదంతా అయోమయంగా ఉన్నా ఈ టికెట్టు సంగతి మాత్రం చక్కగా అర్థమైంది. రేపల్లెలో బియ్యం మిల్లు వెనక వార్డుకి ఆవిడ పార్టీ మహిళా అధ్యక్షురాలు. జెండాలు కుట్టింది, సభలకు ఆటోల నిండా మనుషుల్ని ఎక్కించింది, ఎండలో నిలబడి సార్ మీద పూలు చల్లింది. ఈసారి టికెట్టు నీదేనమ్మా అని సార్ రెండు ఎన్నికల నుంచీ అంటూనే ఉన్నారు. గెలిస్తే తమ వీధిలో నిలిచిపోయే మిల్లు మురుగునీటికి ఒక కాలువ తవ్వించాలని ఆవిడకు పెద్ద కోరిక. ఆ నీళ్లలో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చర్చికి వెళ్లి వెళ్లి విసిగిపోయింది.

ఇక్కడ ఆ వార్డు ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ఏ ఆఫీసులో ఎవర్ని ఫోన్ నంబరు అడిగినా వాళ్లు దేవకుమారి నంబరే చెబుతారు. సొంత ఫోన్లు లేక కాదు. ఒకరి ఫోను మొగుడితో పాటు లారీ మీద పోతుంది. ఇంకొకరి సిమ్ము ఆఫరు అయిపోగానే మారిపోతుంది. మిగతావాళ్లకు సొంత నంబరిస్తే బ్యాంకువాళ్లు ప్రాణం తీస్తారని భయం. దేవకుమారి ఎక్కడున్నా ఫోనెత్తుతుంది, పైగా పార్టీ మనిషి. అందుకని గ్యాసుకీ, పింఛనుకీ, కుట్టు మిషన్ల దరఖాస్తుకీ, పెళ్లి సంబంధాలకీ ఆ నంబరే. ఓటీపీ వస్తే ఆవిడ పిట్టగోడ దగ్గర నిలబడి కేకేస్తుంది. పక్కింటి మీరాబీ ఆ అంకెల్ని అందుకుని అవతలి వీధికి కేకేస్తుంది. పార్టీ సభ్యత్వాలప్పుడు కూడా అలాగే నాలుగొందల పైచిలుకు పేర్ల పక్కన తన నంబరే రాయించుకుంది దేవకుమారి. అదొక తప్పవుతుందని ఆవిడకు కల్లో కూడా తోచలేదు.

'గుండెచప్పుడు' సోమవారం పొద్దున మొదలైంది. "సుబ్బరత్నమ్మ గారూ, ఈ వయసులో మీకు తోడుగా ఒక కొడుకున్నాడు. ఆ కొడుకే వెంకటప్పయ్య. అవునంటే ఒకటి నొక్కండి" అని మొదటి మెసేజి. దేవకుమారి పద్ధతి ప్రకారం గోడ దగ్గరికెళ్లి అడిగింది. సుబ్బరత్నమ్మ ఉన్న ముగ్గురు కొడుకులతోనే వేగలేకపోతున్నానని, నాలుగోవాడు వద్దని తెగేసి చెప్పింది. అంటే ఏడుపుమొహం. ఆ తర్వాత తాపీ మేస్త్రీ బడే సాహెబ్‌ని అడిగితే, పార్టీ మీద కన్నా పార్టీ ఆఫీసుకి ప్రహరీ కట్టించుకుని కూలి ఎగ్గొట్టినవాడి మీద ఎక్కువసేపు మాట్లాడాడు. అదీ ఏడుపుమొహమే. ఇలా అడుగుతూ పోతే తన టికెట్టు మురుగులో కలిసిపోతుందని దేవకుమారికి దడ పుట్టింది. అడగడం మానేసి, ఆ రెండిటితో సహా తనే నొక్కడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికల్లా ఆవిడకు చెయ్యి తిరిగింది. ఒక నిమిషం ముసలమ్మ, మరు నిమిషం ఇంటర్ చదివే సిమ్రాన్, ఆ వెంటనే వాడరేవులో పడవ ఉన్న ఎవరి తమ్ముడో. మనసులో ఏదో పూనకం వచ్చినట్టుగా ఉంది. ఫోన్‌లో ఒక ఆడగొంతు "గర్భిణీ అయిన మీకు పోషకాహారం సక్రమంగా అందుతోందా?" అని అడిగితే, యాభై దాటిన దేవకుమారి పొట్ట నిమురుకుంటూ అందుతోందండి అంది. రిటైరైన టీచరు మత్తయి మాస్టారు, అంటే ఆవిడ భర్త, వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ తొంగిచూశాడు.

"ఇంతకీ ఇప్పుడు నువ్వెవరివి?" అన్నాడు.

"అక్బర్ని. లారీ డ్రైవర్ని. రోడ్లు అద్దంలా ఉన్నాయని చెప్పాను."

"అన్నం పెట్టమంటావా, ట్రిప్పు నుంచి వచ్చాక తింటావా?"

ఆవిడ అప్పటికే లిడియా అయిపోయి, డ్వాక్రా రుణం గురించి సంతోషం వ్యక్తం చేస్తోంది. అదే ఊపులో "మీ వీధిలో మురుగు పారుదల బాగుందా?" అన్న ప్రశ్న నాలుగొందల సార్లు వచ్చింది. నాలుగొందల సార్లూ ఒకటి నొక్కేసింది.

నెల తిరిగేసరికి తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు పట్టణాల్లోనూ నూటికి నూరు నవ్వుమొహాలున్న వార్డు అదొక్కటే అయింది. బాపట్లలో కల్యాణమండపం మాట్లాడి శిక్షణా శిబిరం పెట్టి, దేవకుమారిని వేదిక మీదికి పిలిచారు. కిరణ్ కుమార్ తెర మీద బొమ్మలు చూపిస్తూ, కస్టమర్లు ఫోన్లో ఏం చూస్తున్నారో, ఎప్పుడు చూస్తున్నారో కూడా సాఫ్ట్‌వేర్ కనిపెట్టిందన్నాడు. మిల్లు వెనక వార్డు మొత్తానికి మోకాళ్ల నొప్పులు. వార్డు మొత్తానికి రొయ్యల పచ్చడంటే ప్రాణం. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అన్న తేడా లేకుండా వార్డు మొత్తం ఆదివారం తెల్లారే లూథరన్ కీర్తనలు వింటుంది. మధ్యాహ్నం భోంచేసి వార్డు మొత్తం ఒకేసారి పడుకుంటుంది, ఒకేసారి లేస్తుంది.

వెంకటప్పయ్య గారి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంతటి మతసామరస్యాన్ని తన రాజకీయ జీవితంలో చూడలేదన్నారు. తెర మీదున్న మోకాళ్లు తనవేనని, ఆ పచ్చడి తను క్రిస్మస్ పండక్కి నేర్చుకుందామని చూసిందేనని దేవకుమారికి అప్పుడు తెలిసొచ్చింది. ఉన్న సంగతి చెప్పేద్దామని మైకు దాకా వెళ్లి నోరు తెరిచింది. ఈలోగా సార్ ఆవిడ భుజాల మీద శాలువా కప్పారు. శాలువా కప్పాక నిజం చెప్పడం మర్యాద కాదనిపించి, అందరికీ వందనాలు చెప్పి దిగిపోయింది.

వారం తిరక్కుండానే సార్ వ్యాను నిండా మోకాలి పట్టీలు వేసుకుని రేపల్లె వచ్చారు. 'మోకాళ్ల నొప్పుల్లేని వార్డు' అని బ్యానరు కట్టించారు. సభ్యులందరికీ తలా రెండు పట్టీలు. సిమ్రాన్ పట్టీల్లో పుస్తకాలు పెట్టి కట్టుకుంది. అక్బర్ లారీ గేరు రాడ్డుకి తొడిగాడు. బడే సాహెబ్ మాత్రం తనకు భుజం నొప్పని, మోకాళ్లు రాళ్లలాగా ఉన్నాయని మొరాయించాడు. కిరణ్ కుమార్ ట్యాబు తీసి చూశాడు.

"మీకు మోకాలేనండి."

"కాదు బాబూ, ఇదిగో ఈ భుజం. ఎత్తలేకపోతున్నా."

"సిస్టంలో మోకాలనే ఉందండి. భుజానికి మార్చాలంటే హైదరాబాదు రాయాలి."

ఇంతటి సాఫ్ట్‌వేర్‌ని కాదనడం దేనికని బడే సాహెబ్ పట్టీని భుజానికే కట్టుకుని, ఫోటోలో సార్ పక్కన నిలబడ్డాడు. సార్ బూట్లు తడవకుండా కార్యకర్తలు మురుగునీళ్లలో ఇటుకలు పరిచారు. సుబ్బరత్నమ్మ అడ్డం నిలబడి, పట్టీలు సరే గానీ ఈ నీళ్ల సంగతేంటి నాయనా అని అడిగింది. సార్ ఎంతో ఓపికగా ఆవిడకు సంగతి బోధపరిచారు. మురుగు పారుదల భేషుగ్గా ఉందని ఈ వీధివాళ్లే నాలుగొందల మంది చెప్పారు, అందులో తమరూ ఉన్నారు తల్లీ, కస్టమరు అడగనిది ఇవ్వడం కస్టమర్ని అవమానించడమే అన్నారు. తనెప్పుడు చెప్పిందో గుర్తురాక సుబ్బరత్నమ్మ తన మతిమరుపుని తిట్టుకుంటూ పక్కకు తప్పుకుంది. దేవకుమారికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ మురుగునీళ్లలోనే నిలబడి, టికెట్టు రానీ, ముందు ఈ కాలువే తవ్విస్తానని మనసులో ఒట్టేసుకుంది.

టికెట్ల జాబితా చదివే రోజున రేపల్లె ప్యాసింజరెక్కి తెనాలి వెళ్లింది. మిల్లు వెనక వార్డు వచ్చేసరికి సార్ అల్లుడి పేరు చదివారు. విజయవాడలో మినరల్ వాటర్ వ్యాపారం చేసుకునే ఆ అల్లుడికి రేపల్లె ఎటువైపుందో ఆ పొద్దున్నే చెప్పారట. దేవకుమారి తిన్నగా సార్ గదిలోకి వెళ్లి, ఇదేంటి సార్ అని అడిగింది.

"నీ మీద అభిమానంతోనేనమ్మా," అన్నారు వెంకటప్పయ్య గారు. "ఏడుపుమొహాల వార్డయితే నీలాంటి పనిమంతురాలు కావాలి. నూటికి నూరు నవ్వే వార్డులో గాడిదను నిలబెట్టినా గెలుస్తుంది. అలాంటి చోట నిన్నెందుకు వృథా చెయ్యాలి?"

అల్లుడు గారు పక్కనే కూర్చుని, తన విషయంలో మామగారికున్న నమ్మకానికి వినయంగా నవ్వారు. దేవకుమారికి ఇన్నేళ్లు కుట్టిన జెండాలన్నీ కళ్లముందు తిరిగాయి. రైలు దిగి ఇంటికొచ్చి, మత్తయి మాస్టారు ఎంత చెప్పినా వినకుండా తెల్లారి స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేసేసింది. గుర్తు కుట్టు మిషను.

ఈ వార్త విన్న వెంకటప్పయ్య గారు నొచ్చుకున్నారే తప్ప కోప్పడలేదు. సాఫ్ట్‌వేర్ ఉండగా కోపం దేనికన్నారు. కరపత్రాలు, మైకులు, ఇంటింటి ప్రచారం ఏమీ వద్దని, ఆ వార్డులో ఒక్కో కస్టమరుకూ ఒక్కో రకంగా, అన్ని దారుల్లోనూ దేవకుమారి బండారం బయటపెట్టమని కిరణ్ కుమార్‌కి ఆజ్ఞాపించారు.

మర్నాడు పొద్దున దేవకుమారి ఓట్లడగడానికి చెప్పులేసుకుంటుండగా ఫోను మోగింది. సుబ్బరత్నమ్మ గారూ, కన్నకొడుకులాంటి వెంకటప్పయ్య గారికి వెన్నుపోటు పొడిచిన దేవకుమారిని క్షమిస్తారా? అక్బర్ గారూ, లారీ నడిపే మీకు కుట్టు మిషనుతో పనేంటి? హాయ్ సిమ్రాన్, దేవకుమారి ఆంటీ మీ తరం మనిషేనా? వరసగా దిగుతూనే ఉన్నాయి. యూట్యూబ్‌లో కీర్తన పెడదామని తెరిస్తే అందులోనూ ముందు తన ఫోటో వచ్చి, దాని మీద అడ్డంగా ఎర్రగీత పడింది. ఆవిడ చెప్పులు విప్పి గుమ్మంలో కూలబడింది. మీరాబీ పేరు మీద వచ్చిన మెసేజి చదివాక ఉండబట్టలేక గోడ దగ్గరికి వెళ్లింది.

"మీరాబీ, నేను నీకెప్పుడన్నా మేలు చేశానంటావా?"

"అదేంటక్కా అలా అడుగుతావ్," అంది మీరాబీ చీపురు పక్కన పడేసి. "నాకు గ్యాసు ఓటీపీ ఏమన్నా వచ్చిందా?"

రాలేదులే అని దేవకుమారి వెనక్కొచ్చి కూర్చుంది. దేవకుమారికి ఓటు వేయనంటే ఒకటి నొక్కండని ప్రతి మెసేజి అడుగునా రాసి ఉంది. నొక్కకపోతే మళ్లీ వస్తాయి, మళ్లీ మోగుతుంది, ఇల్లిల్లూ తిరిగేదెప్పుడు? అలవాటైన వేలే కాబట్టి ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయింది. సుబ్బరత్నమ్మగా నొక్కింది, అక్బర్‌గా నొక్కింది, లిడియాగా నొక్కింది. అన్నిటికన్నా చివర ఒకటి మిగిలింది. "దేవకుమారి గారూ, దేవకుమారి మీకు చేసిందేముంది? ఒక్కసారి ఆలోచించండి."

దేవకుమారి నిజంగానే ఆలోచించింది. వీధిలో నిలిచిన నీళ్లవంక చూసింది. దానికీ ఒకటి నొక్కి, ఫోను ఇంట్లో మాస్టారి చేతిలో పెట్టి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మొదటి ఇంటి వైపు నడిచింది.

సాయంత్రానికి తెనాలి ఆఫీసులో తెర మీద మిల్లు వెనక వార్డు మళ్లీ నూటికి నూరు నవ్వింది. వెంకటప్పయ్య గారు పేర్లన్నీ ఓపిగ్గా చూసుకుంటూ వచ్చి, ఒక పేరు దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. అల్లుణ్ణి దగ్గరికి పిలిచి చూపించారు.

"చూశావా, ఆవిడ ఓటు కూడా నీకేనయ్యా," అన్నారు గద్గదంగా.

ఇక ఆ వార్డులో అడుగుపెట్టి ఉన్న అభిమానాన్ని చెడగొట్టొద్దని అల్లుడికి సలహా ఇచ్చి, పోలింగ్ అయ్యేదాకా స్నేహితులతో వాడరేవులో విశ్రాంతి తీసుకోమన్నారు. విజయోత్సవానికి బంతిపూల దండలు ఇప్పుడే చెప్పి ఉంచమని కిరణ్ కుమార్‌ని మార్కెట్టుకి పంపించారు.